ప్రాజెక్టు డబ్బు ప్రొఫెసరు చేతిలో ఉండాలా, ఆఫీసు చేతిలోనా?

వంశధార

నేను ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దుకి దగ్గర్లో ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. ఏదో ఈ ఫోరంలో చెప్పను. చెబితే రేపటి నుంచి నా ఫైలు కదలదు. కొండ వరి రకాల మీద కేంద్రం నిధులతో మూడేళ్ల ప్రాజెక్టు నడుస్తోంది. రెండు వానాకాలాలు రాయగడ, కొరాపుట్ కొండలెక్కి దిగి ఆకు నమూనాలు తెచ్చాం. డీఎన్‌ఏ తీసేదాకా మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో ఉండాలి అవి. ఒక్కో కవరు మీద ఊరి పేరు, రకం పేరు, కోసిన తేదీ మా స్కాలరు తన చేత్తో రాసింది.

ఆ ఫ్రీజరు కొనడానికే ఏడు నెలలు పట్టింది. అన్నాళ్లూ పక్క డిపార్టుమెంటు ఫ్రీజర్‌లో ఒక అర అడుక్కున్నాం. చివరికి టెండరులో ఎల్-1, అంటే అందరికంటే తక్కువ ధర చెప్పినవాడి దగ్గరే కొనాలన్నారు. ఆ కంపెనీ సర్వీసు ఇంజనీరు 600 కిలోమీటర్ల అవతల ఉంటాడు. ఏడాది వారంటీ మార్చిలో అయిపోయింది, మే నెలలో కంప్రెసర్ పోయింది. ఫోన్ చేస్తే రానూ పోనూ ఖర్చులిస్తే వస్తానన్నాడు. నా ప్రాజెక్టులో ట్రావెల్ హెడ్ కింద డబ్బుంది. అది నేను తిరగడానికట, ఇంజనీరు తిరగడానికి కాదట. పోనీ కంటింజెన్సీ (చిల్లర ఖర్చుల) పద్దులోంచి ఇద్దామని నోట్ పెడితే "ఇది రిపేరా, ప్రయాణమా, స్పష్టం చేయగలరు" అని తిరిగొచ్చింది. ఆ స్పష్టం చేయడంలో పదకొండు రోజులు పోయాయి. పక్క డిపార్టుమెంటు వాళ్లవీ అప్పటికి నిండుగా ఉన్నాయి. తలుపు తీస్తే ఆకులన్నీ ఉడికించిన తోటకూరలా ముద్దగా ఉన్నాయి. కవర్ల మీద మార్కరు కారిపోయి ఊరి పేర్లు కూడా చెరిగిపోయాయి.

అందుకే అడుగుతున్నాను. ప్రాజెక్టు రాసింది నేను, ప్రశ్నలకి జవాబు చెప్పేది నేను, ఫలితం రాకపోతే పరువు పోయేది నాది. మరి 5 లక్షల లోపు ఖర్చుకి ఎవరి సంతకమూ లేకుండా ప్రాజెక్టు పీఐకే (ప్రాజెక్టు నడిపే ప్రధాన పరిశోధకుడికే) వదిలేస్తే వచ్చే నష్టమేమిటి? ఏడాది చివర లెక్క అడగండి, చెబుతాను. అవునో కాదో చెప్పండి.

రిటైర్డ్ ఖాతా (బరంపురం)

కాదు.

బాబూ, మీ ఆకుల సంగతి చదివి నిజంగా బాధపడ్డాను. అయినా ఒక మాట అంటాను, ఏమనుకోకండి. 31 ఏళ్లు ఖాతాల సెక్షన్లో బిల్లులు పాస్ చేసి రిటైరైనవాణ్ని. "తక్కువకి ఇచ్చినవాడి దగ్గర కళ్లు మూసుకుని కొను" అని కేంద్రం ఆర్థిక నియమాలు, అదే జీఎఫ్ఆర్ 2017లో ఎక్కడా లేదు. అందులో రెండు కవర్ల పద్ధతి ఉంది. ముందు సాంకేతిక కవరు విప్పుతారు. అందులో నెగ్గినవాళ్ల ధర కవరు మాత్రమే తర్వాత విప్పుతారు. వాళ్లలో తక్కువ చెప్పినవాడు ఎల్-1. మూడేళ్ల వారంటీ కావాలి, ఫిర్యాదు ఇచ్చిన 48 గంటల్లో మనిషి రావాలి, వారంటీ తర్వాత ఏఎంసీ (ఏటా మెయింటెనెన్స్ ఒప్పందం) ధర కూడా కలిపి పోల్చి చూస్తాం అని స్పెసిఫికేషన్లో మూడు వాక్యాలు రాసి ఉంటే ఆ 600 కిలోమీటర్లవాడు మొదటి కవరు దగ్గరే ఇంటికి పోయేవాడు.

స్పెసిఫికేషన్ రాసేది ఆఫీసు కాదు. మీరే.

ఇక చేతికి డబ్బు వదిలేసే సంగతి. ఒక ప్రాజెక్టులో నెలనెలా ద్రవ నత్రజని బిల్లు వచ్చేది, 40 లీటర్లు. కాగితాలు ముత్యాల్లా ఉన్నాయి, సంతకాలు, స్టాంపులు అన్నీ. స్టాక్ రిజిస్టరు తిరగేస్తే ఆ నాలుగు నెలలూ నత్రజని డబ్బా రిపేరుకి వెళ్లి ఉంది. మరి నత్రజని దేనిలో పోశారు నాయనా, కుండలోనా? పీఐ గారు చాలా పెద్ద పండితులు. నేను ఆ బిల్లు ఆపినందుకు నన్ను పరిశోధనకి శత్రువన్నారు. మీరు తిట్టుకునే ప్రతి నిబంధన వెనకా ఇలాంటి ఒక పెద్దమనిషి ఉంటాడు.

వంశధార

ఖాతా గారూ, దెబ్బ సరిగ్గా తగిలింది. ఒప్పుకుంటున్నాను, ఆ స్పెసిఫికేషన్ కంపెనీ కేటలాగు నుంచి ఎక్కించిందే. ఎందుకంటారా? యూజీసీ లెక్కన అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికి 16 గంటలు పాఠం చెప్పాలి. మా డిపార్టుమెంటులో ఖాళీలు పోను మిగిలినవాళ్లం 22 చెబుతున్నాం. పైన పరీక్షలు, పేపర్లు దిద్దడం, విశ్వవిద్యాలయం గ్రేడు కోసం న్యాక్ ఫైళ్లు. మొక్కల జన్యువులు చదువుకున్న నాకు రెండు కవర్ల పద్ధతి ఎవరు నేర్పారు? మీలాంటివాళ్లు అప్పుడు మా ఆఫీసులో ఎక్కడున్నారు?

గాజుసామాను (బరంపురం)

ల్యాబులకి కెమికల్సూ గ్లాసువేరూ సప్లై చేసేవాణ్ని. నా వైపు నుంచి కూడా వినండి, ఎవరూ మమ్మల్ని అడగరు కదా.

పది నెలలు ఒక్క ఫోనుండదు. ఫిబ్రవరి ఆఖర్లో మొదలవుతుంది. మార్చి 15 దాటాక రాత్రి 11కి కూడా చేస్తారు, "అన్నా, 28వ తేదీలోగా సామాను దిగాలి, బిల్లు దిగాలి". డబ్బు ఖర్చు కాకపోతే వెనక్కి పోతుంది. సరే, అప్పు తెచ్చి సామాను దింపుతాను. బిల్లు ఎప్పుడు వస్తుంది? ఒకసారి తొమ్మిది నెలలకి వచ్చింది. ఆ తొమ్మిది నెలల వడ్డీ ఎవరు కడతారు? అందుకే చెబుతున్నాను, దాపరికం లేదు: ప్రైవేటు డయాగ్నొస్టిక్ వాళ్లకి ఒక రేటు, యూనివర్సిటీకి ఒక రేటు. చవగ్గా కొనాలని పెట్టిన రూల్సే సరుకుని ప్రియం చేస్తున్నాయి.

ఇంకోటి. 2022 జూలై దాకా ప్రభుత్వ పరిశోధన సంస్థలకి సైంటిఫిక్ పరికరాల మీద జీఎస్టీ 5 శాతమే, సర్టిఫికెట్ చూపిస్తే చాలు. ఆ నెల 18 నుంచి ఆ సదుపాయం తీసేశారు. చాలావాటికి 18 శాతం పడింది. ప్రాజెక్టు బడ్జెట్ అంతకుముందే శాంక్షనైపోయింది కదా. పది లక్షల పరికరానికి కొటేషన్ ఇచ్చి ఉన్న నేను మళ్లీ వెళ్లి లక్షా ముప్పై వేలు ఎక్కువవుతుందంటే ఒక మాస్టారు నన్నే దొంగన్నట్టు చూశారు. ఆ డబ్బు నా జేబులోకి రాలేదు సార్. ఢిల్లీకి వెళ్లింది, ఢిల్లీ ఇచ్చిన డబ్బులోంచే.

రిటైర్డ్ ఖాతా

గాజుసామాను గారూ, వడ్డీ సంగతి న్యాయమే. కానీ మూడు కొటేషన్లూ ఒకే ప్రింటరు మీద వచ్చిన రోజులు నేనూ చూశాను. అక్షర దోషం కూడా మూడింట్లోనూ ఒకటే.

గాజుసామాను

😀 అది మా బామ్మర్ది కాలం.

ఐదో ఏడాది

పెద్దలందరూ లక్షల గురించి మాట్లాడుతున్నారు. నేను రీసెర్చ్ స్కాలర్ని, నా సంగతి వేలల్లో ఉంది.

జేఆర్ఎఫ్ (జూనియర్ ఫెలోషిప్) 2023 జనవరి నుంచి నెలకి 37 వేలు, ఎస్ఆర్ఎఫ్ (సీనియర్) 42 వేలు. కాగితం మీద మా ఊళ్లో హైస్కూలు మాస్టారి కంటే నేనే మెరుగ్గా ఉన్నట్టు. కానీ అది జీతంలా దానంతటది రాదు. ప్రతి నెలా పోర్టల్‌లో నా పేరు ఎదురుగా "ఈ అమ్మాయి ఈ నెల ఉంది" అని విశ్వవిద్యాలయంలో మేకర్ అనే ఆయన ఎక్కించాలి. చెకర్ అనే ఇంకొకాయన దాన్ని ఒప్పుకోవాలి. ఇద్దరికీ అసలు ఉద్యోగాలు వేరే ఉన్నాయి, ఇది నెత్తిన పడిన పని. మేకర్ గారింట్లో పెళ్లైతే నా ఇంటద్దె ఆగుతుంది. పోయిన సంవత్సరం నాలుగు నెలలు రాలేదు. బరంపురంలో ఠాకురాణి యాత్ర జరుగుతుంటే ఊరంతా కొత్త బట్టలు, నేను మెస్ ఆయనకి కనపడకుండా వెనక గేటు నుంచి వెళ్లేదాన్ని.

వంశధార సార్, డబ్బు పీఐ చేతికిస్తే మా పరిస్థితి మారుతుందా? కొందరు పీఐలు ఎలాంటివాళ్లో మాకు తెలుసు. ఆఫీసు లేటు చేస్తుంది, వాళ్లు బెదిరిస్తారు. నాకైతే లేటే నయం.

మాస్టారు (పర్లాకిమిడి)

ఈ చర్చంతా చూస్తే నవ్వొస్తోంది. మా ఊళ్లోనే రాజావారి బళ్లో పాఠాలు చెప్పుకుంటూ గిడుగు రామమూర్తి పంతులు గారు సవర భాష నేర్చుకుని, ముప్పై ఏళ్లకి పైగా కష్టపడి వ్యాకరణం, నిఘంటువులు తయారు చేశారు. ఏ పోర్టలు, ఏ పీఐ, ఏ ఎల్-1? సవరవాళ్లని ఇంట్లో పెట్టుకుని అన్నం పెట్టి మాట నేర్చుకున్నారు. సర్కారు ప్రతిఫలం ఇవ్వబోతే వద్దు, ఆ డబ్బుతో సవరలకి బడి పెట్టండి అన్నారని మా పెద్దలు చెప్పుకునేవారు. పట్టుదల ఉన్నవాడికి పాలసీలతో పనేమిటి?

ఐదో ఏడాది

మాస్టారూ, నమస్కారం. పంతులు గారి మీద గౌరవం నాకూ ఉంది, మా అమ్మమ్మ వాళ్లది కాశీనగరం. కానీ చిన్న లెక్క చూడండి. ఆయనకి నెలనెలా జీతమిచ్చే బడి ఉంది. పుస్తకాలు అచ్చు వేయడానికి మద్రాసు ప్రభుత్వం ఉంది. అన్నిటికంటే ముఖ్యంగా ముప్పై ఏళ్లున్నాయి. నా ఫెలోషిప్ ఐదేళ్లు. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ ఆరేళ్లలో ముగించాలి, లేదా మళ్లీ రిజిస్ట్రేషన్. ఈ రోజు పంతులు గారు స్కాలరైతే సవర క్రియాపదాల దగ్గర ఉండగానే "ప్రోగ్రెస్ రిపోర్టు ఏది?" అని మెయిలొచ్చేది.

అదీకాక 1936లో సరిహద్దు గీత గీసి పర్లాకిమిడిని ఒడిశాలో కలిపిన రోజే ఆయన ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు కదా. పాలసీతో పనిలేదంటారేమిటి మాస్టారూ, ఆయన్ని ఊరి నుంచి కదిలించింది అదే.

మాస్టారు

అమ్మాయి గట్టిదే. ఒప్పుకున్నాను. సగం.

నోట్‌షీటు

నేను తెలుగువాణ్నే, ఒడిశాలోనే ఒక కేంద్ర సంస్థ ప్రాజెక్టుల సెల్లో పని చేస్తాను. మా దగ్గర ప్రాజెక్టులు చూసుకోవడమే ఉద్యోగంగా నలుగురం ఉన్నాం. అందుకని రెండు మాటలు.

ముందు డబ్బు ఎలా వస్తుందో చాలామందికి తెలియదు. పూర్వం గ్రాంటు వచ్చి విశ్వవిద్యాలయం ఖాతాలో పడేది, ఏళ్ల తరబడి ఉండేది, వడ్డీ పెట్టేది. 2022 ఏప్రిల్ నుంచి కేంద్ర పథకాల డబ్బు ఎక్కువ భాగం అలా రాదు. జీరో బ్యాలెన్స్ ఖాతా ఉంటుంది. అందులో డబ్బుండదు, వాడుకోవచ్చు అనే లిమిట్ ఉంటుంది. బిల్లు పెట్టినప్పుడే పైనుంచి సొమ్ము కదులుతుంది. మార్చి 31 అర్ధరాత్రి లిమిట్ పోతుంది. ఢిల్లీ వైపు నుంచి చూస్తే ఇందులో తప్పు లేదు, వేల ఖాతాల్లో కోట్లు ఊరికే పడి ఉండేవి. కానీ ఫిబ్రవరిలో లిమిట్ ఇచ్చి మార్చిలో తీసేస్తే గాజుసామాను గారికి రాత్రి 11కి ఫోన్లు రాక ఏమవుతుంది? పైగా మర్నాడు ఏప్రిల్ 1, ఉత్కళ దివస్ (ఒడిశా ఏర్పడిన రోజు), మనకి సెలవు. తప్పు దిద్దుకునే రోజు కూడా లేదు.

రెండో మాట. ప్రభుత్వ కొనుగోళ్ల జీఈఎమ్ పోర్టల్లోనే కొనాలన్న నిబంధన సైంటిఫిక్ పరికరాలకి 2025 జూన్‌లో సడలించారు. ఏ కొటేషనూ లేకుండా కొనే పరిమితి లక్ష నుంచి 2 లక్షలైంది. కమిటీ వేసి కొనేది 10 లక్షల నుంచి 25 లక్షలైంది. 200 కోట్ల దాకా గ్లోబల్ టెండరు అనుమతి డైరెక్టర్లకి, వీసీలకి ఇచ్చారు. మా సంస్థలో ఆ ఉత్తర్వు వచ్చిన వారంలో మేం ఒక పేజీ సారాంశం చేసి అందరు ఫ్యాకల్టీకీ పంపాం. అప్పటి నుంచి చిన్న సామాను కొనుగోలు వారాల్లో అవుతోంది.

వంశధార గారూ, మీ దగ్గర ఆ ఉత్తర్వు గురించి ఎవరైనా చెప్పారా?

వంశధార

లేదు. అడిగాను. అది కేంద్ర సంస్థలకి రాసింది, మనకి రాష్ట్ర ఆర్థిక శాఖ రూల్సు, వాళ్లు చెబితే చూద్దాం అన్నారు. డబ్బు కేంద్రానిది, రూలు రాష్ట్రానిది, ఆకులు నావి.

నోట్‌షీటు

అదే నేననేది. బరంపురం చుట్టుపక్కలే 1967 నాటి రాష్ట్ర విశ్వవిద్యాలయం ఉంది, 2016లో వచ్చిన ఐసర్ అనే కేంద్ర సైన్సు సంస్థ ఉంది. కొరాపుట్‌లో 2009 నాటి కేంద్ర విశ్వవిద్యాలయం ఉంది. ఒకే రకం ఫ్రీజరు మూడు చోట్లా కొంటే మూడు దారులు. వీటిలో ఎవరినీ తప్పు పట్టడం లేదు, పుట్టుకలే వేరు. కానీ డబ్బు ఎవరి చేతిలో ఉండాలన్న మీ ప్రశ్న కంటే, ఆ డబ్బు తాలూకు రూలు చదివి, మీకు అర్థమయ్యేలా చెప్పి, స్పెసిఫికేషన్ మీద మీతో కూర్చునే మనిషి ఉన్నాడా లేడా అన్నది పెద్ద ప్రశ్న. మా దగ్గర పీఐ చేతిలో డబ్బేమీ లేదు. అయినా ఎవరి ఆకులూ ఉడకలేదు.

రిటైర్డ్ ఖాతా

ఇది బంగారం లాంటి మాట. మా సెక్షన్లో 60 ప్రాజెక్టులకి నేనూ ఒక క్లర్కూ. యూసీలు (ఇచ్చిన డబ్బు దేనికి వాడామో చెప్పే సర్టిఫికెట్లు) అన్నీ ఏప్రిల్‌లో ఒకేసారి. వాటి జీఎఫ్ఆర్ 12-ఏ ఫారం నిద్రలో కూడా నింపగలను. ఒక్కో యూసీలో వంద రూపాయలు తేడా వస్తే ఢిల్లీ నుంచి తిరిగొచ్చేది, తర్వాతి వాయిదా ఆగేది. ఆగినప్పుడు పీఐలు నన్నే తిట్టేవారు. "ఖాతా బాబు కావాలని ఆపాడు." కావాలని ఆపడానికి కూడా తీరిక ఉండాలి కదండీ.

కాలాజీరా (జయపురం)

నేను ఆలస్యంగా వచ్చాను, కానీ ఇందాకటి నుంచి ఒకటి గమనిస్తున్నాను. అందరూ డబ్బు గురించే. వంశధార తమ్ముడూ, ఆ ఆకులు ఎవరివి?

జయపురం చుట్టుపక్కల విత్తనాలు దాచుకునే ఆడవాళ్లతో పదిహేనేళ్లుగా పని చేస్తున్నాను. ఐక్యరాజ్య సమితి ఆహార సంస్థ ఎఫ్‌ఏఓ వాళ్లు 2012లో కొరాపుట్ వ్యవసాయాన్ని ప్రపంచ వారసత్వ వ్యవసాయ పద్ధతుల్లో చేర్చారు. 2024 జనవరిలో మా కాలాజీరా బియ్యానికి జీఐ (ఈ ప్రాంతపు సరుకు అన్న గుర్తింపు) వచ్చింది. ఇక్కడికి దగ్గర్లోని పాత్రపుట్ కమలా పూజారి గారు వందకి పైగా వరి రకాలు కాపాడారు, 2019లో పద్మశ్రీ ఇచ్చారు, 2024 జూలైలో పోయారు. ఆవిడ విత్తనాలు మట్టి కుండల్లో బూడిద కలిపి పెట్టేవారట. కంప్రెసర్ లేదు, ఏఎంసీ లేదు.

పరిశోధకులు వస్తారు. మంచిగా మాట్లాడతారు. గుప్పెడు కంకులు, నాలుగు ఆకులు తీసుకుంటారు, ఫోటో తీసుకుంటారు, వెళ్తారు. జీవవైవిధ్య చట్టం 2002 ప్రకారం విదేశీయుడైతే చెన్నైలో ఉన్న జాతీయ జీవవైవిధ్య అథారిటీ అనుమతి తీసుకోవాలి. పేటెంటు దాకా వెళ్తే మనవాళ్లైనా అక్కడికి వెళ్లాల్సిందే. కానీ భారతీయుడు ఉత్త పరిశోధనకి వస్తే ఆ చట్టం కింద అనుమతే అక్కర్లేదు. ఊళ్లో జీవవైవిధ్య కమిటీ ఉండాలి, ఊళ్లోని రకాలు రాసుకునే రిజిస్టరు ఉండాలి. ఎన్నిచోట్ల రిజిస్టరు ఊరివాళ్ల చేతిలో ఉందో నేను చూస్తూనే ఉన్నాను. మీరంతా రూల్స్ ఎక్కువయ్యాయని గొడవ పడుతున్నారు. మా వైపు నుంచి చూస్తే ఉండాల్సిన చోట లేవు. ఫ్రీజరుకి మూడు కొటేషన్లు కావాలి, గింజకి ఒక్క సంతకం కూడా వద్దు.

పోయిన ఏడాది ఒక ముసలావిడ నన్నడిగింది, "వాళ్లు పట్టుకెళ్లింది మా సాటిధాన్ కదా, ఇంకా బతికే ఉందా?" అని. ఏం చెప్పను? మీ ఫ్రీజరు కథ చదివాక ఆవిడ మొహమే గుర్తొచ్చింది.

వంశధార

అక్కా, మీరన్నది రాత్రంతా బుర్రలో తిరిగింది. పొద్దున స్కాలరుతో కూర్చుని నోటుబుక్కు తీశాం. పోయినవి ఆకులు. గింజలు వేరుగా ఆరబెట్టి సీసాల్లో ఉన్నాయి, అవి బాగున్నాయి. కాబట్టి రకాలు పోలేదు, నా పని పోయింది. కానీ ఏ ఊరి గింజకి ఎవరు ఇచ్చారు అన్న పేరు మా పుస్తకంలో సగానికే ఉంది. మిగతావాటికి ఊరి పేరు, తేదీ, ఎత్తు ఎన్ని మీటర్లు అన్నవే రాశాం. ఫండింగు వాళ్ల ఫారంలో రైతు పేరుకి గడి లేదు. గడి లేదు కాబట్టి రాయలేదు. ఇది సిగ్గుపడుతూ రాస్తున్నాను.

గాజుసామాను

గడిలో ఏముందో అదే పరిశోధన అన్నమాట.

మాస్టారు

కొత్తగా ఏదో అనుసంధాన్ ఫౌండేషన్ పెట్టారు కదా, దాంతో ఇవన్నీ తీరిపోతాయని పేపర్లో చదివాను?

నోట్‌షీటు

దాని పేరు ఏఎన్ఆర్ఎఫ్, పరిశోధనకి నిధులిచ్చే సంస్థ. 2023లో చట్టం, 2024 ఫిబ్రవరి నుంచి అమలు, అంతకుముందు ఆ పని చేసిన సెర్బ్ ఇందులో కలిసిపోయింది. ఐదేళ్లలో 50 వేల కోట్లు అన్నారు. అందులో ప్రభుత్వం పెట్టేది 14 వేల కోట్లు. మిగతా 36 వేల కోట్లు పరిశ్రమలు, దాతలు, ఇతరుల నుంచి రావాలి. రాష్ట్ర విశ్వవిద్యాలయాలని పెద్ద సంస్థలకి జోడించే హబ్-స్పోక్ పథకం ఒకటి పెట్టారు. ఆలోచన మంచిదే. స్పోక్ (అంటే రాష్ట్ర విశ్వవిద్యాలయం) వైపు లెక్కలు చూసే మనిషి లేకపోతే చక్రం ఒక పక్కకే తిరుగుతుంది.

వంశధార

ఆ 36 వేల కోట్ల దగ్గరే నా అనుమానం. మన వైపు పరిశ్రమ అంటే ఏమిటి? దామన్‌జోడి, రాయగడ వైపు అల్యూమినా ఫ్యాక్టరీలు. బాక్సైట్ మీద, ఎర్రమట్టి వ్యర్థం మీద పరిశోధనకి వాళ్లు ఇస్తారు, ఇవ్వాలి కూడా. ఆ బాక్సైట్ ఉన్న కొండ మీదే పండే వరి మీద పరిశోధనకి ఎవరిస్తారు? అడగడానికి వెళ్తే కుర్చీ వేస్తారా? డబ్బు ఎటునుంచి వస్తే ప్రశ్న అటు తిరుగుతుంది.

ఇంకో సంగతి, ఓవర్‌హెడ్ అని ప్రతి ప్రాజెక్టుతోనూ విశ్వవిద్యాలయానికి వేరే డబ్బొస్తుంది. నోట్‌షీటు గారు చెప్పిన మనిషిని ఆ డబ్బుతోనే పెట్టుకోవచ్చు. మా దగ్గర పోయిన ఏడాది దాంతో సెమినార్ హాలుకి కొత్త కర్టెన్లు వేశారు. రంగు బాగుంది.

రిటైర్డ్ ఖాతా

కర్టెన్ అయితే ఒకే బిల్లు, ఒకే సంతకం, ఆడిట్ పేరా (అభ్యంతరం) రాదు. మనిషిని పెడితే పోస్టు శాంక్షను, రిజర్వేషన్ రోస్టరు, పదవీకాలం, కోర్టు కేసు. ఇక్కడ టీచర్లనే వేసుకోలేకపోయారు కదా. 2020లో రాష్ట్ర విశ్వవిద్యాలయాల చట్టం సవరించి నియామకాలు ఒడిశా పబ్లిక్ సర్వీస్ కమిషన్‌కి (ఓపీఎస్‌సీ) ఇచ్చారు, 2022 మేలో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది, 2025లో మళ్లీ కొత్త సవరణ అసెంబ్లీలో పాసైంది. ఈలోపు రిటైరైనవాళ్లు రిటైరయ్యారు. వంశధార గారి 22 గంటలు అక్కడ నుంచి వచ్చినవే. ఇవి తెలియకుండా రిజిస్ట్రారునో క్లర్కునో తిడితే ఏం లాభం?

అయినా 5 లక్షల విషయంలో నా మాట అదే. వదలకూడదు. 50 వేలు వదలండి, ఇంజనీరు రాను పోను ఖర్చులాంటివాటికి. అంతకంటే పైకి వద్దు.

వంశధార

2 లక్షలు. కేంద్రమే ఇచ్చింది కదా.

రిటైర్డ్ ఖాతా

లక్ష. స్టాక్ రిజిస్టరు నేను చూస్తానంటే.

కాలాజీరా

నా షరతు కూడా రాసుకోండి. ఆ రిజిస్టరులో గింజ ఇచ్చిన మనిషి పేరు ఉండాలి.

గాజుసామాను

నాది కూడా. బిల్లు 45 రోజుల్లో.

మోడరేటర్

బేరం బాగుంది, కానీ పై రెండు పోస్టుల్లో ఒక విశ్వవిద్యాలయం పేరు పెట్టి ఎవరో రాశారు, తీసేశాను. ఊళ్లు చెప్పుకోండి, మనుషుల్నీ ఆఫీసుల్నీ వద్దు.

వంశధార

ఖాతా గారూ, కొత్త ఫ్రీజరుకి మళ్లీ నోట్ పెట్టాలి. స్పెసిఫికేషన్ ఒకసారి చూసి పెడతారా? ఈసారి కేటలాగు కాదు, నేనే రాస్తున్నాను. ఇక్కడ కరెంటు పోతే ఎన్ని గంటలు చల్లదనం నిలవాలో కూడా రాశాను.

రిటైర్డ్ ఖాతా

పంపండి. పొద్దున ఐదింటికే లేస్తాను, పనేముంది. సర్వీసు సెంటరు "భువనేశ్వర్‌లో ఉండాలి" అని మాత్రం రాయకండి. మీకు వైజాగ్ దగ్గరైతే అదీ పనికొస్తుంది, మనిషి ఎన్ని గంటల్లో రావాలో రాయండి, ఎక్కడి నుంచో కాదు. ఊరు పేరు రాస్తే ఎవడో ఒకడు కావాలని రాశారని కేసు వేస్తాడు.

నోట్‌షీటు

నాకూ ఒక కాపీ పంపండి. మా దగ్గర వాడే నమూనా ఉంది, పేర్లు తీసేసి ఇస్తాను.

ఐదో ఏడాది

అందరికీ ఒక అప్‌డేట్. మా చెకర్ గారు సెలవు నుంచి ఈ రోజే వచ్చారు. సంతోషంగా వెళ్లి నిలబడ్డాను. మేకర్ గారు నిన్నే సెలవు మీద వెళ్లారట.